ఎనిమిదో పసుపు సంచి

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన మరుసటి ఏడాది, తమిళుల ఆడి నెలలో, నాకు గుడియాత్తంలో ఒక ఆడపిల్లల బడిలో డ్యూటీ పడింది. వేలూరులో వ్యవసాయ ఆఫీసులో నేను ల్యాబ్ అటెండర్ని. అంటే పురుగుల సీసాలు తుడవడం, ట్రేలు కడగడం, పైవాళ్లు అడిగింది అందించడం. చదివింది ఐదో తరగతి. అయితే ముప్పై ఏళ్లు పురుగుల మొహాలు చూసీచూసీ, ఏది మన ఊరిదో ఏది పైదేశానిదో నాకు పట్టుబడింది. అందుకే మా అసిస్టెంట్ డైరెక్టర్ వాసంతి మేడమ్ బడి పిల్లలకు పాఠం చెప్పే పని నాకు అప్పగించింది. అటెండరు పాఠం చెప్పడమేమిటని మా గుమాస్తా పైకి కాగితం పెట్టాడు. ఆ పని నాకు ఉంచాలా, తీసెయ్యాలా అని తేల్చడానికి ఆ రోజు మేడమ్ కూడా బడికి వచ్చింది.

పాఠం క్వారంటైన్ గురించి. కరోనాతో ఆ మాట అందరికీ తెలిసింది గానీ, మా శాఖలో అది పాతదే. పైదేశం నుంచి మొక్క, గింజ, మట్టి ఏది వచ్చినా పర్మిట్ ఉండాలి, లోపలికి వదలకముందే పరీక్ష చెయ్యాలి. లేకుంటే దాంతో వచ్చిన పురుగుకు ఇక్కడ శత్రువులుండరు, బొప్పాయి తోటలూ కొబ్బరి తోటలూ దాని సొంతమైపోతాయి.

పిల్లలకు దీన్ని ఆటగా పెట్టేదాన్ని. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే పసుపు సంచులు ఏడు తెచ్చి, ఒక్కోదాంట్లో ఒక్కో తప్పు దాచేదాన్ని. పౌడరు డబ్బాలో గింజలు, చెప్పు అడుగున మట్టి, పుస్తకంలో ఎండుటాకు, ఇట్లా. అన్నీ మన ఊరివే, పైదేశానివని అనుకోవాలంతే. కొందరు ప్రయాణికులు, కొందరు ఆఫీసర్లు. ఆఫీసర్లు సంచి విప్పి, తెల్ల ట్రేలో పరిచి, భూతద్దంతో చూసి, రిజిస్టరులో రాయాలి. దాచినవాటి పట్టీ కవర్లో పెట్టి మేడమ్ చేతికిచ్చాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆ పొద్దున బస్సు దిగి, బజారు వీధిలో మా వదిన ఇంటికి కాఫీకి వెళ్లాను. కూతురి కాన్పుకని మలేసియా వెళ్లి, వారం కిందటే వచ్చింది. నా చేతిలో ఒక పసుపు సంచి పెట్టింది. లోపల తడిగుడ్డలో చుట్టిన ముద్దమందారం కొమ్మ, కణుపుల దగ్గర తెల్లటి పొడి.

"ఆడ మురుగన్ గుళ్లోది మే. పూజారి విబూది చల్లి ఇచ్చినాడు. చీర మడతలో పెట్టుకోనొస్తి, ఒక్కడూ పట్టలేదు," అంది.

బడిబడికీ తిరిగి నేను చెప్పే పాఠం గొంతుదాకా వచ్చింది. కాదంటే వదిన నా మనవల పెళ్లిళ్లదాకా ఆ మాట ఎత్తుతుంది. పైగా నాకు మందారాలంటే ఆశ. గుళ్లో చెట్టుకు పురుగేముంటుందిలే అనుకుని, కొమ్మను కళ్లకద్దుకుని, ఆ పొడి కొంచెం నుదుట పెట్టుకుని మరీ బయలుదేరాను.

బడిలో సంచి బెంచీ మీద పెట్టి ట్రేలు కడగడానికి వెళ్లాను. పిల్లలు పసుపు సంచులన్నీ కలిపి బల్లమీదికి చేర్చేశారు. ఏడూ పట్టేశారు. మేడమ్ నవ్వుతూ టిక్కులు పెడుతోంది. ఆఫీసర్ల పెద్ద దేవకి. పరదరామి వైపు నుంచి వచ్చిన మేస్త్రి కూతురు, ఎనిమిదో తరగతి. ఎనిమిదో సంచి ఎత్తి చూపించింది.

"అమ్మా, ఇది ఎవురిది?"

నా గుండె జారింది గానీ నోరు జారలేదు. "అదీ పరీక్షే. అన్నిట్లోకీ కష్టమైంది కడాకు పెట్టినా."

"ఏడే పెట్టినామని పొద్దున చెప్తిరే?"

"అట్ల చెప్పడమూ పరీక్షే."

పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడమ్ పట్టీ ఇంకోసారి చూసి, మడిచి, కవర్లో పెట్టేసింది. దేవకి కొమ్మ మీదికి వంగింది.

"తెల్లగా ఏమో ఉండాది."

"విబూదిలే నాయనా. స్వామిది."

చాలాసేపు చూసింది. తరవాత భూతద్దం నాకు అందించి, మెల్లగా అంది. "విబూది నడస్తా ఉండాది అమ్మా."

చూశాను. పిండినల్లి. ఒంటినిండా పిండి పూసుకున్నట్టుండే పురుగు. గంట ముందే బోర్డు మీద దాని బొమ్మ వేసి, ఇది కనబడితే వదలొద్దని చెప్పింది నేనే. నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. మేడమ్ చేతిగుడ్డ అందించింది.

"తుడుచుకోండి రాజమ్మా. సాక్ష్యం కొమ్మ మీద ఇంకా చాలా ఉండాది."

దేవకి రిజిస్టరు తెరిచింది. పేరు, వస్తువు, ఏ దేశం, పర్మిట్ ఉందా. మలేసియా నుంచి మా వదిన తెచ్చిందనీ, పర్మిట్ లేదనీ చెప్పాను. చివరి గడి: మరిచి తెచ్చారా, దాచి తెచ్చారా. మరిచి అని చెప్పుంటే కొంచెం పరువు మిగిలేది. ఆ పిల్ల కలం పట్టుకుని నా మొహంకేసి చూస్తోంది. దాచి అని చెప్పాను. ప్రయాణికురాలి గడిలో సంతకం పెట్టించుకుంది. కొమ్మను రెండు ప్లాస్టిక్ కవర్లలో సీలు చేసి, బడి వెనక గుంటలో కాల్చారు.

సాయంత్రం మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వదిన ఇంటికి వచ్చింది. అక్కడ కుండీల్లో ఇంకో మూడు కొమ్మలు నాటి ఉన్నాయి. అవీ పీకించి, పక్క చెట్ల ఆకులన్నీ తిప్పి చూసి, మట్టిని కూడా సంచుల్లో కట్టించింది. "దేవుడి చెట్టు పీకించిందే ఈ రాజీ," అని వదిన నన్ను తిట్టింది గానీ, మేడమ్‌కు మాత్రం కాఫీ ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో మేడమ్ తన తీర్పు చెప్పింది. నాకు మెమో ఇస్తుంది. పాఠం కూడా నాదే, కాకపోతే ప్రతి బడిలోనూ ఈ ఎనిమిదో సంచితోనే మొదలుపెట్టాలి. మెమో చూసి గుమాస్తా సంతోషపడ్డాడు, పాఠం నాకే ఉంచిన కింది వాక్యం చదివి మొహం ముడుచుకున్నాడు.

నేను నేర్చుకున్నది ఇది. పైదేశపు పురుగు మన ఇంటికి చుట్టాల చేతుల మీదుగా, కాఫీతో పాటు వస్తుంది. తెచ్చింది ఎవరని చూడకుండా ప్రతి సంచీ విప్పాలి, అందులో మొదటిది మనదే కావాలి. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. వదిన ఇప్పటికీ మా ఇంటికి వస్తే, సంచి గడప బయటే పెట్టి, "చూసుకోమ్మా ఆఫీసరూ," అంటుంది.

చూసుకున్నాకే లోపలికి రానిస్తాను.