తోటలో ఆడవాళ్ళ బంతి

మొన్న భవానీపురంలో మా ఆడపడుచు మనవరాలి ఓణీల ఫంక్షనుకి వెళ్ళాను. హాలు బాగుంది, పువ్వులు బాగున్నాయి, పిల్ల మరీ బాగుంది గాని భోజనాలు మాత్రం నిలబడి తినేవి. ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో ముద్ద, మోచేతులతో దారి చేసుకుంటూ తినడం నావంటి మోకాళ్ళ నొప్పులవాళ్ళకి భోజనం కాదు, స్కూల్లో డ్రిల్లు. ఎలాగో ఓ మూల కుర్చీ సంపాదించుకుని కూర్చుంటే, పక్కనావిడ తన ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో దూర రాష్ట్రంలో ఒకడు బోలెడుమందిని పెళ్ళాడి ఆశ్రమం లాంటిది నడుపుతున్నాడట, పోలీసులు వెళ్ళి పట్టుకున్నారట. ఆడవాళ్ళు కొంగులు మొహాల మీదికి లాక్కుని వ్యాను ఎక్కుతున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఒకతను మైకు పట్టుకుని వాళ్ళ వెంట పరిగెడుతున్నాడు. బాగా అయింది, అందావిడ. నా కళ్ళు మాత్రం వాళ్ళ వెనక ఉన్న వరండా మీద పడ్డాయి. అక్కడ వరసగా కంచాలు పరిచి, అన్నం వడ్డించి ఉంది. ఎవరూ కూర్చోలేదు. ఆ కంచాలు చూడగానే నాకు మా మేడమ్ గుర్తొచ్చారు. 

తొంభైల్లో నేను తల్లుల, పిల్లల బాగోగులు చూసే ప్రభుత్వోద్యోగంలో ఉండేదాన్ని. గుణదలలో మా ఇల్లు, బెజవాడలో ఆఫీసు, వారంలో సగం రోజులు జీపులో పల్లెల మీద తిరుగుడు. మా మేడమ్ నాకు పైఅధికారి. నేత చీర, గట్టిగా బిగించిన ముడి, కోపం వస్తే ముక్కు చివర ఎర్రబడే మనిషి. ఎవరినైనా ఏకవచనంతో పిలవడం నేను వినలేదు, ఆఖరికి మా జీపుని కూడా, అది మొరాయించినప్పుడల్లా బానెట్ తట్టి, వస్తారా రారా అని అడిగేవారు. ఆ రోజుల్లో మా అందరికీ ఒక నియమం ఉండేది. తనిఖీకి వెళ్ళిన చోట మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. చేతులకి మచ్చ అంటని ఉద్యోగం చేస్తున్నామని మాకదో గర్వం. టిఫిను డబ్బా జీపులో పెట్టుకుని, ఊరు దాటాక ఏ చెట్టు కిందో ఆపుకుని తినేవాళ్ళం. నా ఈడువాళ్ళలో ఆ గర్వం తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు.

మైలవరం దాటాక మామిడితోటల మధ్య ఒక పెద్ద ఆవరణ ఉండేది. చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు. చుట్టుపక్కలవాళ్ళు దాన్ని తోట అనేవాళ్ళు. ఎక్కడినుంచో వచ్చిన ఒక పెద్దమనిషి దేవుడి పేరు చెప్పి తన దారి తనే పెట్టుకుని, తనని నమ్మిన కుటుంబాలను అందులో చేర్చుకున్నాడు. అందరూ అతన్ని పెద్దయ్య అనేవారు. అతనికి అరడజనుకి తక్కువ కాకుండా భార్యలు, అతని ముఖ్య శిష్యులకి ఇద్దరేసి. ఆడవాళ్ళను కొడతారనీ, ఎదురు మాట్లాడినవాళ్ళను గదిలో పెట్టి తాళం వేస్తారనీ, చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చేస్తారనీ అనుకునేవాళ్ళు. అనుకోవడమే గాని, చూశామని చెప్పేవాళ్ళు లేరు. అంతకు ముందు ఏడాది ఎవరో ఆకాశరామన్న అర్జీ పెడితే, మా శాఖ అధికారులే మందీ మార్బలంతో వెళ్ళి ఆడవాళ్ళందరినీ ముంగిట్లో నిలబెట్టి, మీకేమైనా కష్టాలున్నాయా అని అడిగి వచ్చారు. మగవాళ్ళు చుట్టూ నిలబడి చూస్తూంటే ఎవరు నోరెత్తుతారు? మొదటి భార్య, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, ముందుకొచ్చి మాకే కష్టమూ లేదండీ అంది. మజ్జిగ తెచ్చి ఇస్తే వీళ్ళు నియమం ప్రకారం వద్దన్నారు. కాగితం మీద అంతా సవ్యంగా ఉందని రాసుకుని తిరిగొచ్చారు. ఆ రోజు కన్నీళ్ళు పెట్టుకుంటూ కనబడ్డ ఒకావిడకి ఆ తరవాత ఏం జరిగిందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

తరవాత వేసవి మొదట్లో ఒకాయన మా ఆఫీసుకి వచ్చాడు. కైకలూరు వైపు చేపల వ్యాపారం, కొల్లేటి చేపల్ని ఐసులో పెట్టి లారీలకెత్తించే మనిషి. కూర్చోమంటే, బట్టలు నీచు వాసనండీ అని మొహమాటపడి నిలబడే మాట్లాడాడు. అతని అక్క, భర్త వెంట ఆ తోటలో చేరింది. భర్త పోయాక అక్కడే ఉండిపోయింది. ఆవిడ కూతురికి, పట్టుమని పదిహేనేళ్ళు లేని పిల్లకి, పెద్దయ్యతో పెళ్ళి చేస్తారని మామిడికాయల లారీ డ్రైవరు చెప్పాడట. 'నా మేనకోడలండీ, నా చేతుల్లో పెరిగిన పిల్ల. మీరు పోలీసుల్నిచ్చి పంపండి మేడమ్ గారూ, తలుపులు బద్దలు కొట్టయినా తెచ్చుకుంటా' అని ఆ భారీ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆఫీసులో తలో మాటా అన్నారు. వెంటనే వ్యాన్లు పంపాలన్నవాళ్ళున్నారు. వాళ్ళ నమ్మకం వాళ్ళది, ఆడవాళ్ళే బాగున్నామంటూంటే మనకెందుకన్నవాళ్ళూ ఉన్నారు. మేడమ్ ముక్కు చివర ఎర్రబడింది. ఎవరు ఎంతమందిని పెళ్ళాడారో కోర్టు చూసుకుంటుంది, ఆ పిల్ల చిన్నది, అది చూడాల్సింది మనం అన్నారు. వ్యాన్లు గేటు దగ్గరికి రాగానే ఆ పిల్లను వెనక కంచెలోంచి ఏ ఊరికి దాటిస్తారో, మళ్ళీ జన్మలో దొరుకుతుందో లేదో అని కూడా అన్నారు. మేనమామని మైలవరం సెంటర్లో టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి, మేమిద్దరమే జీపులో బయల్దేరాం. నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. దారంతా ఆవిడ మాత్రం బంగినపల్లి ఈసారి కాపు తక్కువని మాట్లాడుతూ వచ్చారు.

పిల్లలకి టీకాలు, తల్లులకి బలం మందులు అని చెబితే గేటు తీశారు. అది అబద్ధం కాదు, నిజంగానే మందులు తీసుకెళ్ళాం. పెద్దమ్మ ఎదురొచ్చింది. నడుముకి తాళాల గుత్తి, కళ్ళల్లో ఏ భావమూ లేదు. అలవాటు కొద్దీ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, మేము వద్దంటామని తెలిసినట్టే దూరంగా పట్టుకుని నిలబడింది. మేడమ్ చెయ్యి చాచి చెంబందుకుని గటగటా తాగేశారు. నేను నోరు తెరిచి చూస్తూండిపోయాను. పిల్లల్ని చూడడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. మగవాళ్ళు తినేసి, పెద్దయ్య మాటలు వినడానికి అవతలి షెడ్డులోకి వెళ్ళిపోయారు. అప్పుడు మేడమ్, ఆకలేస్తోందమ్మా, మాకూ రెండు విస్తళ్ళు వెయ్యకూడదూ అన్నారు. పెద్దమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. 'మా దగ్గర తింటారాండీ? పోయినసారి వచ్చినోళ్ళు మజ్జిగ కూడా ముట్టలేదు. మేం అంత పనికిమాలినవాళ్ళమా అనుకున్నాం' అంది.

ఆ బంతిలో కూర్చున్నాకే మాకు అసలు సంగతి తెలిసింది. ఆడవాళ్ళు తినేటప్పుడు ఏ మగవాడూ అటు రాకూడదన్నది ఆ తోటలో కట్టుబాటు. రోజు మొత్తం మీద వాళ్ళు మగవాళ్ళ చెవిన పడకుండా ఉండే వేళ అదొక్కటే. మా నియమం మమ్మల్ని సరిగ్గా ఆ వేళకే గేటు బయటికి పంపేస్తూ వచ్చింది! వరండాలో ఎదురెదురుగా రెండు బంతులు, ఇటు పెళ్ళయినవాళ్ళు, అటు పిల్లలు. దోసకాయ పప్పు, గోంగూర, మజ్జిగపులుసు. ఇటువైపు బంతి చివర, మోచేతుల దాకా కొత్త గాజులేసుకుని, తల వంచుకుని అన్నం కెలుకుతూ ఒక పిల్ల కూర్చుంది. ఎదురు బంతిలో ఆ పిల్ల ఈడువాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుంటూ తింటున్నారు. ఈ పిల్ల మధ్యమధ్య కళ్ళెత్తి వాళ్ళకేసి చూసి, మళ్ళీ దించుకుంటోంది. నేను ముద్ద కలపడం మానేసి ఆ పిల్లనే చూస్తున్నాను. మేడమ్ మాత్రం గోంగూర మళ్ళీ వడ్డించమని, ఎండుమిరపకాయలు వేయించే కలిపారా అని అడుగుతూ తాపీగా తింటున్నారు. ఒకావిడ నవ్వింది. ఇంకొకావిడ తన మోచేతి మీద వాతని కొంగుతో కప్పుకోవడం మానేసింది.

అప్పుడు మేడమ్ గొంతు పెంచకుండా అడిగారు. 'ఈ పాపని ఈ బంతిలోకి ఎవరు పిలిచారమ్మా?'

వడ్డిస్తున్నావిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పిల్ల తల్లి ఆవిడేనని అప్పుడు తెలిసింది. 'నేనే పిలిచానండీ,' అంది పెద్దమ్మ. 'ఇక్కడికి ఎవరిని పిలవాలన్నా నేనే పిలవాలి. ఆయన చెప్తారు, నేను పిలుస్తాను. వచ్చే శుక్రవారం ముహూర్తం.' ఆ మాట అంటూ తల ఎత్తలేదు. మేడమ్ ఆవిడను తిట్టలేదు, చట్టం చదవలేదు. మీరు పిలిచిన మనిషిని మీరే వెనక్కి పంపొచ్చు కదమ్మా, మిగతాది మేం చూసుకుంటాం, మీ అందరికీ అండగా నేనుంటాను అన్నారు. ఎవరూ తినడం లేదు. షెడ్డులోంచి పెద్దయ్య గొంతు వినిపిస్తోంది. తినే విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం ఎంత తప్పో మన తరంవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పెద్దమ్మ లేచింది. ఆ చివరికి నడిచి వెళ్ళి, వంగి, ఆ పిల్ల ఎంగిలి విస్తరిని రెండు చేతులతో ఎత్తి, మెతుకు జారకుండా పట్టుకెళ్ళి, పిల్లల బంతిలో పెట్టింది. 'పోయి అక్కడ తినమ్మా' అంది. ఆ పిల్ల వెళ్ళి కూర్చుంది. పక్కపిల్ల జరిగి చోటిచ్చింది. తల్లి గరిటె వదిలేసి స్తంభాన్ని పట్టుకుని ఏడ్చింది.

ఆ తరవాత ఆడవాళ్ళు మాట్లాడడం మొదలుపెట్టారు, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు అందుకుంటూ, విస్తళ్ళలో చెయ్యి ఎండిపోయేదాకా. మళ్ళీ మేం వచ్చేదాకా పిల్లను గేటు దాటనివ్వనని పెద్దమ్మ మాటిచ్చింది. మేడమ్ ఆ సాయంత్రం బెజవాడ చేరేదాకా టీ కూడా తాగలేదు. మర్నాడు కోర్టు నుంచి పెళ్ళి ఆపమని ఉత్తర్వు తెచ్చారు. పోలీసులు వెళ్ళిన రోజున విలేఖరులెవరూ రాకూడదని పట్టుబట్టారు, ఆడ కానిస్టేబుళ్ళని మామూలు చీరల్లో రమ్మన్నారు. పెద్దయ్యనీ, కొట్టడంలో అతని చేతులుగా ఉన్న ఇద్దరినీ తీసుకెళ్ళారు. పిల్లలందరినీ ఏవో హాస్టళ్ళలో పడేద్దామని పైనుంచి మాట వచ్చినప్పుడు మా మేడమ్ చేసిన యుద్ధం ఆఫీసు గోడలకి ఇంకా వినిపిస్తూ ఉంటుంది. ఇంట్లోంచి పోవాల్సింది కొట్టినవాళ్ళు గాని తన్నులు తిన్నవాళ్ళు కాదు, తల్లుల దగ్గరి నుంచి పిల్లల్ని లాగితే మనకీ అతనికీ తేడా ఏమిటి అన్నారు. తల్లులూ పిల్లలూ అప్పటికి ఆ తోటలోనే ఉన్నారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. కొన్ని నేరాలకి శిక్ష పడింది, కొన్ని నిలబడలేదు. తనిఖీ చేసిన చోట భోజనం చేశారని పెద్దయ్య మనుషులు ఫిర్యాదు పెడితే మేడమ్‌కి మెమో కూడా ఇచ్చారు. ఆకలేసింది, పెట్టారు, తిన్నాను అని ఆవిడ జవాబిచ్చారు. అంతకన్నా ధైర్యంగల అధికారిని నేను నా ఉద్యోగంలో చూడలేదు.

ఆ పిల్లా తల్లీ మేనమామ వెంట కైకలూరు వెళ్ళిపోయారు, పిల్ల మళ్ళీ బడిలో చేరింది. మిగతా ఆడవాళ్ళలో కొందరు పుట్టిళ్ళకి వెళ్ళారు, పోవడానికి చోటు లేనివాళ్ళు తోటలోనే మామిడికాయలు కోసుకుంటూ ఉన్నారు. మేడమ్ రిటైరయ్యాక ఆవిడ పని నాకు వచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక ఒక మధ్యాహ్నం ఆ తోటకి వెళితే గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో ఒకటే బంతి, పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చున్నారు. పెద్దమ్మ మాత్రం వడ్డిస్తోంది. ఎంత పిలిచినా బంతిలో కూర్చోదట, అందరూ లేచాక వంటింట్లో ఒక్కతే తింటుందట.  నాకు విస్తరి వేసి, గోంగూర అడక్కుండానే రెండోసారి వేసింది, మీ మేడమ్ గారికి ఇష్టమండీ అంటూ.

మేడమ్ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఫోను కొడితే చాలు, గంటలో మనుషులు దిగుతున్నారు, పిల్లలు త్వరగా బయటపడుతున్నారు. అది చిన్న విషయం కాదు, మా రోజుల్లో అదే ఉంటే ఎంతమంది ఏడుపు తప్పేదో. అయినా ఆ ఫంక్షను హాల్లో పక్కనావిడని బతిమాలి ఆ వీడియో మళ్ళీ పెట్టించుకున్నాను. వ్యాను తలుపులు మూసుకుంటున్నాయి. ఒక నడివయసావిడ మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, వరండాలో కంచాలకేసి చూస్తోంది. ఎవరో భుజం పట్టి లోపలికి తోశారు. ఆవిడ ఎవరిని ఏ బంతిలోకి పిలిచిందో, అడిగితే ఎవరి కంచం ఎత్తి ఎక్కడ పెట్టేదో, ఆవిడ పక్కన కూర్చుని అడిగినవాళ్ళే లేరు.