అన్న మస్టర్లు

మొన్న సోమవారం పెన్షన్ పని మీద బ్యాంకుకు పోతే, వేలిముద్రల యంత్రం మొరాయించింది, మధ్యాహ్నం రమ్మన్నారు. ఇంటికి పోయి మళ్ళీ రావడానికి మోకాళ్ళు ఒప్పుకోక, గోదావరిఖని చౌరస్తాలో ఒక చాయ్ హోటల్లో కూలబడ్డాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు సెల్‌ఫోన్ మధ్యన పెట్టుకుని ఏదో విశ్వవిద్యాలయం వారి ఉద్యోగ ప్రకటన చదువుతున్నారు. పైన అధ్యాపకుల ఖాళీలు, వాటి కింద టెక్నికల్ అసిస్టెంటు, లైబ్రరీ అసిస్టెంటు, ల్యాబ్ అసిస్టెంటు అంటూ ఒకడు చదువుతుంటే రెండోవాడు ఏ చదువు కావాలో అడుగుతున్నాడు. రసాయన శాస్త్రం ల్యాబ్ అన్న మాట చెవిన పడగానే నేను చాయ్ కింద పెట్టి, బాబూ ఆ ముక్క మరొక్కసారి చదువు అన్నాను. ఈ ముసలాయనకు ఇప్పుడు ఉద్యోగమేమిటి అనుకున్నారేమో, నవ్వు ఆపుకుంటూ చదివి వినిపించారు. పోస్టు అదే, పని అదే, ఆఖరికి కాలేజీ కూడా అదే. మా అన్న ఇరవై ఏళ్ళకు పైగా చేసి, ఒక్కనాడూ తనది కాకుండానే వదిలిపోయిన ఉద్యోగం అది.

నా ఈడువాళ్ళకు, అందులోనూ బొగ్గుబాయి ఇళ్ళలో పెరిగినవాళ్ళకు మస్టరంటే ఏమిటో చెప్పనక్కరలేదు గానీ, మిగతావారి కోసం రెండు మాటలు చెబుతాను. మా నాన్నను మేము బాపు అని పిలిచేవాళ్ళం. ఆయన బాయిలో చేరింది బదిలీ ఫిల్లరుగా, అంటే ఎవరైనా డ్యూటీకి రాకపోతే వాళ్ళ బదులు దిగి టబ్బుల్లో బొగ్గు నింపే మనిషిగా. ఆ రోజు అందరూ వస్తే గేటు దాకా పోయినవాడు పోయినట్టే తిరిగి రావాలి. దిగి పనిచేసిన రోజుకు హాజరు పడుతుంది, దాన్నే మస్టరు అనేవారు. ఏడాదికి ఇన్ని అని ఒక లెక్క ఉండేది, ఆ లెక్క నిండితే బదిలీ మనిషి పర్మనెంటు అయ్యేవాడు. మా బాపు జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా బాయి దిగేవాడు, మా నానమ్మ పోయిన మరునాడు కూడా దిగాడట. అలా పర్మనెంటు అయిన మనిషికి ఈ లోకంలో న్యాయమనేది ఒకటుందనీ, దాని పేరు మస్టరనీ గట్టి నమ్మకం. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా దేవుడు మన మస్టర్లు చూస్తున్నాడన్నట్టే మాట్లాడేవాడు.

రెండో సంగతి వారసత్వం. ఒంట్లో శక్తి పోయిన కార్మికుణ్ణి కొత్తగూడెంలో డాక్టర్ల బోర్డు ముందుకు పంపేవారు. వాళ్ళు పనికి రాడని రాస్తే అతని ఉద్యోగం ఒక కొడుక్కి వచ్చేది. ఒక్క కొడుక్కే సుమా. అందుకని మిగతావాళ్ళు మాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆ సంతకాల దగ్గర తలలు పగిలిన ఇళ్ళు, అన్నదమ్ములు జీవితాంతం మాట్లాడుకోకుండా ఉండిపోయిన ఇళ్ళు మా కాలనీలో చాలా ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం ఆ గొడవ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

బాపు ఊపిరితిత్తులు పాడై బోర్డుకు పోయి వచ్చిన ఏడాదే, బస్సులో పోయి వచ్చేంత దూరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఖాళీ పడింది. మా అన్న బీఎస్సీ చదివాడు, దరఖాస్తు పెట్టాడు, వాళ్ళు తీసుకున్నారు. నేను ఇంటర్ తప్పి, పొద్దస్తమానం వాలీబాల్ ఆడుతూ ఊరి మీద పడి తిరిగేవాణ్ణి. పెద్దకొడుకు కాబట్టి బాపు ఉద్యోగం న్యాయంగా అన్నకే రావాలి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి సంఘపెద్దనూ, యూనియన్‌లో తిరిగే పక్క క్వార్టరు కాకనూ పిలిచి ఇంట్లో కూర్చోబెట్టారు. ఇద్దరికీ రెండు ఉద్యోగాలు వస్తుంటే ఒకడు చేతులు ముడుచుకుని కూర్చోవడమెందుకని పెద్దలు అన్నారు. అన్న ఎక్కువ మాట్లాడేవాడు కాదు, ఆర్డరులో తాత్కాలికమని రాశారని మాత్రం మెల్లగా చెప్పాడు. దానికి బాపు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

"నేను సుత బదిలీగనే ఎక్కిన గదరా. మస్టర్లు నిండినంక ఎవడాపుతడు? నువ్వు నాగా చెయ్యకు, గంతే. వాళ్ళే పిలిచి పర్మనెంటు చేస్తరు."

గదిలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. ఎవరూ తప్పు చెప్పలేదు, మోసమూ చేయలేదు. ఉద్యోగమంటే ఏమిటో అక్కడున్న వాళ్ళందరికీ బాగా తెలుసు, తెలిసింది బాయి ఉద్యోగం ఒక్కటే అయినా. అన్న సంతకం పెట్టేశాడు. నేను కొన్నాళ్ళకు బాపులాగే బదిలీగా దిగి, బాపులాగే పర్మనెంటు అయ్యాను. ఆ రోజు అందరికంటే ఎక్కువ సంతోషపడినవాడు మా అన్నే, రేపోమాపో తన వంతు వస్తుందన్న ధీమాతో.

అన్నకు ఆ ల్యాబంటే ప్రాణం. తెల్లకోటు ఇంటికి తెచ్చి తానే ఉతికి, తానే ఇస్త్రీ చేసుకునేవాడు. వదిన ముట్టుకోబోతే యాసిడ్ మరకలుంటాయని ఆపేవాడు. గాజు గొట్టాలు కడగడం, ద్రావణాలు కలిపి పెట్టడం, పిల్లలకు సామాను ఇచ్చి మళ్ళీ లెక్క చూసుకోవడం, ఇదీ ఆయన పని. జీతం గురించి నేను మాట్లాడను, మాట్లాడితే నాకు కోపం వస్తుంది. ప్రతి వేసవిలో కాంట్రాక్టు ముగిసిందని ఆపి, ఒకటి రెండు రోజులయ్యాక కొత్త మనిషిని తీసుకున్నట్టు మళ్ళీ ఆర్డరు ఇచ్చేవారు. ఆ విరామం సంగతి వినగానే బాపు కంగారు పడ్డాడు. మధ్యలో నాగా పడితే ఎలాగని ఆలోచించి, పని లేని రోజున కూడా గేటు దగ్గర కనబడే బదిలీవాణ్ణి బాయి మేనేజరు దొర గుర్తు పెట్టుకుంటాడని, నువ్వు ఆ రోజు కూడా పో అని అన్నకు చెప్పాడు. అన్న పోయేవాడు. హాజరు లేదు, జీతం లేదు, పొమ్మన్నవాళ్ళూ లేరు. ఖాళీ ల్యాబులో ఒక్కడూ సీసాలు కడిగి, బల్లలు తుడిచి, రోజూ వచ్చే బస్సుకే ఇంటికి వచ్చేవాడు. అప్పట్లో మా ఇంట్లో అందరం అది తెలివైన పనే అనుకున్నాం.

నా పేరున వచ్చిన క్వార్టరులోనే అందరం ఉండేవాళ్ళం. సాయంత్రం అన్న గడపలో అడుగు పెట్టగానే బాపు మంచం మీది నుంచి అడిగే మొదటి మాట, మస్టరు పడ్డదా అని. అన్న పడ్డదని చెప్పి కాళ్ళు కడుక్కునేవాడు. ఏళ్ళ తరబడి అదే పలకరింపు. అన్న పెళ్ళి ఆలస్యమైంది, పర్మనెంటు అయ్యాకే చేసుకుంటానని పట్టుబట్టాడు, చివరికి ఒక ఆడపిల్ల పుట్టేసరికి ఆయన జుట్టు తెల్లబడింది. ప్రిన్సిపాళ్ళు మారారు. వచ్చిన ప్రతి ఒక్కరూ ఈసారి పై వాళ్ళకు రాస్తామని చెప్పారు. రాశారో లేదో నాకు తెలియదు, రాయలేదని నిందించడం కూడా నాకిష్టం లేదు.

ఒకసారి బాపు ఎవరికీ చెప్పకుండా, చర్చికి కట్టుకునే తెల్ల పంచె కట్టుకుని, ఊపిరాడని మనిషి బస్సెక్కి ఆ కాలేజీకి పోయాడు. పెద్దకొడుకు మస్టర్లు ఎంతవరకు వచ్చాయో ఆఫీసులో అడిగి తెలుసుకుందామని, బాయి ఆఫీసులో అడిగినట్టే. అక్కడి గుమాస్తా మర్యాదగానే కూర్చోబెట్టి, తాతా మస్టరేమిటి, ఇక్కడ ఎన్నేళ్ళు చేసినా ఆ లెక్క ఉండదు, ప్రతి ఏడూ కొత్తే అని చెప్పాడట. తిరిగొచ్చే సరికి నేను ఫస్టు షిఫ్టు ముగించుకుని ఇంట్లో ఉన్నాను. బాపు మంచం మీద కూర్చుని చాలాసేపు రొప్పి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"వాళ్ళకు మస్టరంటే ఏందో తెల్వదురా చిన్నోడా. అన్నకు చెప్పకు."

ఆ సాయంత్రం అన్న వచ్చాడు. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఏమీ అడగలేదు. మరునాడూ అడగలేదు. మూడోనాడు అన్న గడపలో కాసేపు నిలబడి, ఎవరూ అడగకుండానే తనే అన్నాడు, "మస్టర్ పడ్డది బాపు" అని. ఆ తర్వాత బాపు బతికినన్నాళ్ళూ అన్న ఆ మాట చెబుతూనే వచ్చాడు. అన్నకు సంగతి అర్థమైందనే నా అనుమానం. బాపు అన్న కోసం దాచాడు, అన్న బాపు కోసం నమ్మినట్టు ఉన్నాడు, మధ్యలో నేను ఇద్దరి ముఖాలూ చూడలేక పెరట్లోకి పోయేవాణ్ణి.

బాపు పోయాక అన్నకు గుండె జబ్బు బయటపడింది. ఇక్కడొక మాట చెప్పాలి. కంపెనీ దవాఖాన కార్డులో నా భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు చోటుంది. అన్నకు చోటు లేదు. నా భార్యకు పన్ను నొప్పి వస్తే ఉచితంగా చూసేవారు, పక్క గదిలో పడుకున్న అన్నకు ఛాతీలో నొప్పి వస్తే కరీంనగర్ దాకా ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏ సంతకంతో నాకు ఆ కార్డు వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్కరూ ఎన్నడూ ఎత్తిచూపలేదు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. అన్న తీసుకోలేదు. వదిన బతిమాలితే, ఇన్నేళ్ళు నాగా లేకుండా చేసి ఇప్పుడు పాడు చేసుకోమంటావా అనేవాడట. అంటే నమ్మినట్టు నటించడం కాదు, ఏదో మూల నమ్మకం మిగిలే ఉందన్నమాట. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది.

ప్రాక్టికల్ పరీక్షలు జరుగుతున్న రోజు, పిల్లలకు సామాను పంచి, స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నేను షిఫ్టు దిగి పైకి వచ్చి నెత్తి మీది దీపం అప్పజెబుతుంటే, దీపాల గదిలో మనిషి నా ముఖం చూడకుండా చెప్పాడు.

దినాలయ్యాక మేము చేసిన పని చెబితే మీరు మమ్మల్ని వెర్రివాళ్ళనుకుంటారేమో. బాయిలో మనిషి డ్యూటీ మీద పోతే ఆ ఇంటికి ఉద్యోగం వస్తుంది. పిల్లలు చిన్నవాళ్ళయితే వాళ్ళు పెద్దయ్యేదాకా పేరు రాసి ఉంచుతారు. మాకు తెలిసిన లోకం అంతే. అందుకని వదిననూ, మూడో తరగతి చదువుతున్న అన్నకూతురినీ తీసుకుని, సంఘపెద్దను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి పోయాం. ప్రిన్సిపాలు మంచివాడు. లేచి నిలబడి, కుర్చీలు వేయించి, అన్న గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాను ఇంటి దగ్గర వల్లించుకున్న మాట చెప్పింది.

"పిల్ల పేరు రాసి పెట్టుండ్రి సార్. సదువు అయినంక అచ్చి చేరుతది."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. అమ్మా, ఆ ఉద్యోగం ఆయనది కాదు కదా, పిల్లకు ఎలా వస్తుంది అన్నాడు. గట్టిగా అనలేదు, చాలా మెల్లగా అన్నాడు. వెళ్ళిపోతూ వదిన ల్యాబు ఒక్కసారి చూస్తానంది. అన్న ఎన్నడూ ఆమెను అక్కడికి తీసుకుపోలేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తే, లోపల ఎవరో కొత్త అబ్బాయి సీసాలు కడుగుతున్నాడు. వదిన ఆ అబ్బాయినే చూస్తూ ఏడ్చింది, వాడు బెదిరిపోయి చేతులు తుడుచుకున్నాడు.

ఇదంతా ఆ చాయ్ హోటల్లో కూర్చుని తలుచుకుంటుంటే, ఎమ్మెస్సీ చదివి ట్యూషన్లు చెప్పుకుంటున్న అన్నకూతురికి ఈ ఖాళీ సంగతి చెప్పాలా వద్దా అని పెద్ద మీమాంస పట్టుకుంది. చెప్పకపోతే అన్యాయం, చెబితే ఏ నోటితో చెప్పాలి? చివరికి ఫోను చేశాను.

"సూసిన కాకా, అప్లై సుత చేసిన. పదకొండు నెలల పనే గదా, అయిపోంగనే ఇంకోటి సూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది, నవ్వుతూనే.

ఈ రోజుల్లో మా బాయిల దగ్గర కూడా కాంట్రాక్టు మనుషులే ఎక్కువ. మస్టర్లు నిండితే ఏమవుతుందని వాళ్ళెవరూ అడగరు. ఇప్పటి పిల్లలు మాలాగ మోసపోరు, అది మంచిదే, అన్నకూతురి తెలివికి నేను సంతోషించాలి. కానీ ఫోను పెట్టేశాక నాకు చాయ్ సహించలేదు. తనది కాని చోటును తనదనుకుని, పొద్దున్నే తెల్లకోటు మడతపెట్టుకుని బస్సెక్కే మనిషిని నేను ఇరవై ఏళ్ళు చూశాను. ఆ చోటుకే రేపు ఈ పిల్ల పోతుంది, మొదటి రోజే అది తనది కాదని తెలిసి పోతుంది. మా అన్న చచ్చేదాకా ఆ మాట తెలుసుకోవడానికి ఒప్పుకోలేదు. ఇద్దరిలో ఎవరి కోసం ఎక్కువ ఏడవాలో నాకు తేలడం లేదు.