ఎక్స్ గారిది ఏ ఊరమ్మా?

మా జగ్గారావు మాస్టారికి ఒకటే పిచ్చి. ఊరూ పేరూ చెప్పకుండా ఒక్క అక్షరాన్ని కూడా ప్రోగ్రాములోకి రానిచ్చేవారు కాదు. తాడేపల్లిగూడెంలో మేం చదివిన పాలిటెక్నిక్‌లో సి లాంగ్వేజీ ల్యాబు ఆయనది. క్లాసులో అందరికంటే పొట్టి ప్రోగ్రాములు రాసి మురిసిపోయేదాన్ని నేను. అందుకే ఆయన చేతికి మొదట చిక్కిందీ నేనే.

"మానసా, ఈ ఎక్స్ గారెవరమ్మా?"

"నీటి లోతండి."

"మరి వై గారు?"

"చెరువు గట్టు ఎత్తండి."

"ఆ సంగతి నీకు తెలుసు. చదివేవాడికెవరు చెబుతారు? ఎక్స్ గారిది ఏ ఊరో, ఎవరి తాలూకో, ఎందుకొచ్చారో రాసి పట్రామ్మా, సంతకం పెడతాను."

పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళని కూడా మా ఇంట్లో అన్ని ప్రశ్నలు అడగరు.

దాంతో నా మూడు లైన్ల ప్రోగ్రాము పదిహేను లైన్లయింది. ఎక్స్ గారు 'నీటిమట్టం' అయ్యారు, వై గారు 'గట్టుఎత్తు' అయ్యారు. బ్రాకెట్టు తెరిస్తే లోపలి లైన్లన్నీ నాలుగు ఖాళీలు జరగాలి. రికార్డు పుస్తకంలో ఆ ఖాళీల్ని ఆయన స్కేలు పెట్టి కొలిచేవారు. "ఈ పనులన్నీ ఒక్క లైనులో అయిపోతాయి కదండీ" అంటే, "చంటిపిల్లకి నాలుగు ముద్దలూ ఒకేసారి కుక్కుతామా అమ్మా?" అనేవారు.

పాత ల్యాబు మాన్యువల్లో ఉదాహరణలన్నీ ఎక్స్ గార్లూ వై గార్లే. మాస్టారు వాటిని చేత్తో తిరగరాయడం మొదలుపెట్టారు. "పుస్తకం ఎప్పుడిస్తారండీ?" అని ఆఫీసు నుంచి వారం వారం కబురు. "ఆరో పేజీలో ఐ గారి అడ్రసు ఇంకా దొరకలేదండి" అని ఈయన జవాబు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ ఏడు వానలకి కొల్లేరు పొంగింది. మా క్లాసు ఏసోబుది లంక గ్రామం. రోడ్డు మునిగి నెల రోజులు కాలేజీకి రాలేకపోయాడు. ఫోనుకి సిగ్నలు కూడా లేదు. ప్రాక్టికల్ తప్పితే చదువు మాన్పించి చేపల చెరువు కాపలాకి పెడతానని వాళ్ళ నాన్న ముందే తేల్చేశాడు.

పరీక్ష రోజుకి ఎలాగో వచ్చి పడ్డాడు. ఏలూరు నుంచి వచ్చిన ఎగ్జామినరు ప్రసాదరావు గారు వాడి ప్రోగ్రాములో లైను లైనుకీ ప్రశ్న వేశారు. వాడు మాత్రం ఇరుగుపొరుగు కబుర్లు చెప్పినట్టు తడుముకోకుండా చెప్పుకుపోయాడు. ఆయన యాభైకి నలభై ఎనిమిది వేసి పెన్ను మూశారు.

"నెల్లాళ్ళు క్లాసుకే రాలేదటగా. ఎవరు చెప్పారయ్యా ఇదంతా?"

"ఎవరూ చెప్పలేదండి. ఇందులోనే ఉందండి" అని ఏసోబు సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు.

తడిసి ఉబ్బిపోయిన కట్ట. గదంతా చేపల వాసన. చూస్తే అది మాస్టారి మాన్యువలు! ప్రతి శనివారం ఆయన బస్సెక్కి కొల్లేరు దగ్గరి గుండుగొలను వెళ్ళి, ఆ వారం రాసిన పేజీలు చేపల వ్యాను డ్రైవరుకిచ్చి పంపేవారట. రోడ్డు ఆగిన చోటి నుంచి పడవ మీద వెళ్ళేవట.

"మాకొక్క మాట చెప్పలేదేమండీ?" అని పక్కనే ఉన్న మాస్టారిని అడిగాను.

మాస్టారు తెగ సిగ్గుపడిపోయారు. "క్లాసుకొచ్చినవాళ్ళకి నేనున్నానమ్మా. రాలేనివాడికి ఆ కాగితమే కదా మాస్టారు."

ఆయన స్టూడెంటునని చెప్పుకోవడానికి నాకు ఆ రోజు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు. ఇవాళ ఒక కంపెనీలో మాన్యువళ్ళకి ఉదాహరణలు రాసి బతుకుతున్నానంటే ఆయన పిచ్చి నాకూ అంటుకోబట్టే.

ప్రసాదరావు గారు పేజీలు తిప్పి తిప్పి చూశారు. "మా కాలేజీకి ఒక కాపీ ఇప్పిస్తారా మాస్టారూ?"

"నా దగ్గర లేదండి. ఉన్నది అదొక్కటే. అది ఏసోబుది, వాణ్ణే అడగండి."

పరీక్ష పెట్టడానికొచ్చిన పెద్దమనిషి కుర్చీలోంచి లేచి, "ఏమండీ ఏసోబు గారూ, జెరాక్సు తీయించుకుని ఇచ్చేస్తానండి" అన్నారు.

ఏసోబు కట్టని ఒకసారి ఎగాదిగా చూసుకున్నాడు.

"ఇస్తానండి. ముందు కాస్త ఎండబెట్టనివ్వండి."