పన్నెండో కుర్చీ

మా గుడిలో పన్నెండో కుర్చీ అంటే ఎవరికీ పడదు. పవిత్ర గురువారం సాయంత్రం పూజలో, క్రీస్తు తన శిష్యులకు కడిగినట్టే, మేం స్వామి అని పిలిచే ఫాదరు పన్నెండుమంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతాడు. మొదటి కుర్చీ శిష్యుల్లో పెద్దవాడైన పేతురుది. అది ముప్పై ఏళ్ళుగా మా నాయనది. చివరిది యూదాది. ప్రభువును అమ్మేసినవాడి కుర్చీలో కూర్చుంటే ఏడాదంతా ఇంటికి అరిష్టమని మావాళ్ళ నమ్మకం. ఏ పుస్తకంలోనూ లేదు, అయినా మావాళ్ళకు అదే వేదం. అందుకని ప్రతి ఏడూ ఊరికి కొత్తగా వచ్చిన అల్లుణ్ణి ఎవరినో పట్టుకొచ్చి, సంగతి చెప్పకుండా అందులో కూర్చోబెట్టేవాళ్ళు.

ఆడవాళ్ళ కాళ్ళూ కడగొచ్చని కొన్నేళ్ళ కిందట రోము నుంచి పోపుగారి అనుమతి వచ్చింది. మా పాత స్వామి ఆ మాటే ఎత్తలేదు. కొత్తగా వచ్చిన స్వామి ఎత్తి ఊరుకోకుండా, ఈసారి పన్నెండుమందిలో మా అమ్మ ఉంటుందని ఆదివారం ప్రసంగంలోనే చెప్పేశాడు. గుడి ఊడ్చేది, బలిపీఠం గుడ్డలు ఉతికేది మా అమ్మ. గురువారం నాడు ఆ పన్నెండుమంది కాళ్ళు తుడిచే తువ్వాళ్ళు మడతపెట్టేదీ, నీళ్ళు గోరువెచ్చగా కాచేదీ ఆమే.

నాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పెళ్ళాం మీద కోపం కాదట, ఆచారం పోతుందని బాధట! అంతవరకూ ఎవరైనా స్వామికి ఎదురుచెబితే, రోము చెప్పినాక నువ్వెవడివిరా అని నోరు మూయించిన మనిషి, ఆ వారం మాత్రం మాట మార్చేశాడు.

"రోములో ఉండేటోళ్ళకి పూతలపట్టు పక్కన మన ఊరి పద్ధతి ఏం తెలస్తాదప్పా?" అన్నాడు.

ఏటా నాయనతో పాటు కుర్చీల్లో కూర్చునే మిగతా పదిమంది పెద్దమనుషులూ మా వసారాలో చేరి, బిషప్పుగారికి అర్జీ పెట్టాలని తీర్మానించారు. రాయడానికి నేనున్నాను కదా, రేణిగుంటలో ఉద్యోగం చేసే చదువుకున్నవాణ్ణి. ఆ గర్వం కూడా నాకు లేకపోలేదు. 'ఆడవారి పాదాలు బలిపీఠం ముందుకు రావడం పవిత్రతకు భంగం' అని ఒక వాక్యం నా సొంతంగా చేర్చి, గట్టిగా చదివి వినిపించాను. భేష్ అన్నారు. అమ్మ లోపల వాళ్ళకు టీ కాస్తూ ఉంది. ఆ బలిపీఠం రోజూ తుడిచేది ఆ పాదాలతో నడిచి వెళ్ళే మా అమ్మేనని నాకు అప్పుడు తట్టనేలేదు.

వాళ్ళు వెళ్ళాక, చదువు రాని మా అమ్మ, ఏం రాశావో నాకూ వినిపించమంది. ఆ వాక్యం దాటేసి చదివాను. బాగుందని చెప్పి, గ్లాసులు కడుక్కోవడానికి పోయింది.

అర్జీకి జవాబు వచ్చింది. మీ గురువు నిర్ణయానికి లోబడండి అని రెండే ముక్కలు. పెద్దమనుషులు ఇంకో దారి చూసుకున్నారు. గురువారం అందరికంటే ముందొచ్చి పదకొండు కుర్చీలూ నింపేశారు. అమ్మకు మిగిలింది ఆ చివరిది. ఊరి కొత్తల్లుడు ఆ ఏడు బతికిపోయాడు. పేతురు కుర్చీలో మా నాయన తల వంచుకుని కూర్చున్నాడు. అలిగి రాకపోతే అందులో ఇంకొకడు కూర్చుంటాడని భయం! నేను తువ్వాళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఆ కుర్చీ కథ కొత్త స్వామికి తెలియదు. గుడిలో మిగతా అందరికీ తెలుసు.

అమ్మ ఆ కుర్చీని చూసింది. వరసగా అందరి ముఖాలూ చూసింది. వెనక్కి వెళ్ళిపోతే బాగుండునని కోరుకున్నాను. అది ఆమె కోసమా, నా కోసమా అంటే ఇప్పటికీ చెప్పలేను.

"ప్రబువు ఆ యూదా కాళ్ళు గూడా కడిగినాడు గదా," అని మెల్లగా అని, కూర్చుంది.

స్వామి ఆమె పాదం కడిగి, తుడిచి, వంగి ముద్దుపెట్టుకున్నాడు. మడమ నిండా పగుళ్ళు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఏడు మా ఇంటికి ఏ అరిష్టమూ రాలేదు. మామిడి కూడా బాగానే కాసింది. నాయన మాత్రం ఆ గురువారం ఊసు మళ్ళీ ఎత్తలేదు. మరుసటి ఏటికి ఆయన మోకాళ్ళు పట్టేయడంతో, మొదటి కుర్చీలో నన్ను కూర్చోమని స్వామి అడిగాడు. నాకు అది వద్దు, ఈసారి ఆ పన్నెండో దాంట్లో నేను కూర్చుంటానని అమ్మతో అన్నాను. ఎందుకో చెప్పలేదు.

అమ్మ తువ్వాళ్ళు మడతపెట్టడం ఆపలేదు.

"ఆ పొద్దు నాకు సదివేటప్పుడు ఒక ముక్క మింగేసినావు. అంతకుముందు నువ్వు వాళ్ళకి సదివిందంతా వంటింట్లోకి ఇనపడింది లే. ఆ కుర్చీ నాది, నేనియ్యను. నీకంత బాధగా ఉంటే పోయి నీళ్ళు కాయి."

నేను పోయి పొయ్యి ముట్టించాను.