చేత్తో విన్న మేస్త్రి

మేస్త్రి పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను చర్ల దాటి మట్టిరోడ్డు మీదున్నాను. అడవి ఊళ్లకు మందులు తీసుకెళ్లే జీపుకు డ్రైవర్ని నేను. వెనక డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు ఉన్నారు. ఫోన్ చేసింది ఆయన కూతురు. "అన్నా, నాయిన పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిండు" అంది. తర్వాత మాట వినపడలేదు. సిగ్నల్ పోయిందో, తనే పెట్టేసిందో.

"వెనక్కి పోదామా?" అని డాక్టరమ్మ అడిగింది. ముందు ఊళ్లో జ్వరాలతో జనం ఎదురుచూస్తున్నారు. వద్దన్నాను. అన్న మరుక్షణం నుంచి నా మీద నాకే చిరాకు. వాళ్లు మందులిస్తున్నంతసేపూ జీపు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు.

మణుగూరు బయట రోడ్డు పక్కన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు మేస్త్రిది. అంతకుముందు చాలా ఏళ్లు బొగ్గు బావుల కాడ పెద్ద యంత్రాలు బాగుచేసిన మనిషి. ఈ రోడ్ల మీద తిరిగే, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ వీల్ బండ్లు ఏ చప్పుడు చేసినా డ్రైవర్లు ఆయన దగ్గరికే పోయేవాళ్లు. నేను కొత్తగా చేరినప్పుడు, బండి కదిలినప్పుడల్లా కింద 'టక్'మంటోందని తీసుకెళ్లాను. అప్పటికే వేరేచోట రెండు సామాన్లు మార్పించాం, చప్పుడు పోలేదు. మేస్త్రి పానా ముట్టలేదు.

"విప్పుడు ఎవడైన విప్పుతడు. లూజు ఏడుందో తెల్వకుండ విప్పితే ఏం లాభం?"

చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించి, గేరు న్యూట్రల్ చేయించి, కిందికి దూరాడు. ఇంజను బలాన్ని చక్రాల దాకా మోసే పొడుగాటి షాఫ్టును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. షాఫ్టు చివర ఉండే జాయింటును మేం క్రాస్ అంటాం. దానికి ఇవతల ఒకటి, అవతల ఒకటి సుద్ద గీతలు గీశాడు. "రెండు గీతలు ఒక్కసారే కదిలితే క్రాస్ మంచిగున్నట్టు. ఒకటి కదిలినంక ఇంకోటి కదిలితే లూజు ఆడ్నే ఉన్నట్టు" అన్నాడు. రెండూ కలిసే కదిలాయి. నన్ను సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ కొంచెం కొంచెం వదలమన్నాడు. తాను పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. వెనక ఇరుసును కమాను పట్టీలకు బిగించే బోల్టులు వదులై, ఇరుసే గోరంత జరుగుతోంది. "గిది ఊడితే ఇరుసు నిన్ను ఇడిసిపెట్టి పోతది తమ్మీ" అని నవ్వాడు.

ఆయన ఒకచోట నిలిచేవాడు కాదు. అన్నం తింటున్నా రోడ్డు మీద బండి పోతే తల తిప్పి, ఫలానాది పోయేటట్టుంది అనేవాడు. నాకు ఒక్కొక్కటే చెప్పాడు. ఎక్కిలేటర్ వదిలి తొక్కినప్పుడు ఒక్క దెబ్బ పడితే షాఫ్టుల కాడ చూడు. మలుపు తిప్పినప్పుడు కటకటమంటే ముందు చక్రాల కాడ చూడు. ఫోర్ వీల్ వేసినంక చప్పుడు పెరిగితే ముందు చక్రాలకు పోయే షాఫ్టును అనుమానించు.

కొన్నేళ్లకు ఆయన తల తిప్పడం మానేశాడు. నేను పట్టించుకోలేదు. వయసు మీద పడింది, కుదురొచ్చింది అనుకున్నాను.

ఒక వానాకాలం మళ్లీ చప్పుడు మొదలైంది. మేస్త్రి బండి ఎక్కి కొంతదూరం పోయి వచ్చాడు. "విన్నరా మేస్త్రీ?" అన్నాను. "అవ్. వెనక క్రాస్" అని మార్చేశాడు. ఫోర్ వీల్ వేసి చూడలేదు. తిరిగొస్తుంటే సన్నగా అదే టక్. ఆయనకు తెలియకుండా ఉంటుందా అనుకుని ఊరుకున్నాను.

మూడో రోజు ఒక కోయ గూడెం నుంచి పురిటినొప్పులు పడుతున్న ఆమెను ఎక్కించుకున్నాం. వాగు దిగి, ఫోర్ వీల్ వేసి ఒడ్డెక్కుతుండగా కింద బాంబు పేలినట్టయింది. ముందు షాఫ్టు క్రాస్ విరిగి షాఫ్టు వేలాడుతోంది. వెనక చక్రాలు బురదలో తిరుగుతున్నాయే తప్ప బండి కదలదు. గూడెపోళ్లు మంచం తెచ్చి ఆమెను భుజాల మీద తారురోడ్డు దాకా మోశారు. డాక్టరమ్మ పక్కనే పరుగెత్తింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ కబురు నాకు చేరేదాకా వాగు ఒడ్డున నా కాళ్లు నిలవలేదు.

బండి ఆగిందని తెలిసి మేస్త్రి వానలోనే బైక్ మీద వచ్చాడు. బురదలో పడుకుని విరిగిన షాఫ్టు ఊడదీశాడు. అందరూ నెడితే బండి ఒడ్డెక్కింది. అప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"నాకు వినపడలె తమ్మీ. నువ్వు అడిగితే విన్నట్టు తలూపిన. రెండేండ్ల సంది గిట్లనే తలూపుతున్న."

"నాకు వినపడ్డది మేస్త్రీ. మీకు తెలుసనుకున్న."

ఆయన విరిగిన క్రాస్ నా చేతిలో పెట్టాడు. "తెలుసనుకోకు. నన్నైనా సరే, ఇంకెవణ్ణైనా సరే, అడుగు" అన్నాడు.

మర్నాడే ఆ మధ్య తన చేతుల మీదుగా పోయిన బండ్లన్నీ మళ్లీ చూడాలని బయల్దేరాడు. "నీ చెవులు తీస్కొని రా" అంటే నేనూ వెళ్లాను. ప్రతి గడపలో ముందు అదే మాట: "నా చెవి పనిచేస్తలేదు. నేను చూసిన బండి ఇంకోపారి చూడాలె." ఒకాయన ముఖం మీదే "మరి ఇన్నొద్దులు ఏం చూసినవయా?" అన్నాడు. మేస్త్రి తల వంచుకునే జీపు కిందికి దూరాడు. రెండు బండ్లలో లూజు దొరికింది. అందులో ఒకటి బడిపిల్లల్ని తీసుకెళ్లేది. దాని కింద నుంచి బయటికొచ్చినవాడు మళ్లీ కిందికే దూరి, బిగించిందే ఇంకోసారి బిగించాడు.

ఆ తర్వాత ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్ల బండిలో పక్క సీట్లో కూర్చుని, ఒక అరచెయ్యి గేరు రాడ్డు మీద, ఇంకోటి కింద రేకు మీద ఆనించి, "ఇప్పుడేనా? ఇప్పుడేనా?" అని డ్రైవర్‌ని అడుగుతూ, చేతికి తగిలే అదురును బట్టి లూజు పట్టుకునేవాడు. తెలియనప్పుడు తెలియదనేవాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు ఇప్పటికీ కష్టంగా ఉన్నది అదే.

ఫోన్ వచ్చిన ఆ రోజు, మందులు ఇవ్వడం అయ్యాక మణుగూరు దారి పట్టాను. ఆ దారిలో ఏదో చప్పుడు వినపడ్డట్టయి నాలుగుసార్లు బండి ఆపి కిందికి దూరాను. ఏమీ లేదు. చేరేసరికి అంతా అయిపోయింది, గోదారి ఒడ్డు నుంచి అందరూ తిరిగొచ్చేశారు. డ్రైవర్లు వాకిట్లో నిలబడి ఉన్నారు, ఎవరూ కదలడం లేదు.

ఉన్నట్టుండి వాన మొదలైంది. ఆయన కూతురు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి తీగ మీది బట్టలన్నీ గబగబా లాగింది. వాటిలో మేస్త్రి ఖాకీ చొక్కా ఉంది, ఉతికినా పోని నూనె మరకలతో. గడప దాకా పోయి ఆగింది. మిగతా బట్టలు లోపలికి విసిరి, ఆ చొక్కా ఒక్కటి చేతిలో పట్టుకుని, లోపలికి పోదు, బయటికి రాదు. చూరు నీళ్లు ఆమె భుజం మీద పడుతూనే ఉన్నాయి.