అద్దంలో యాదవ్వ బొట్లు

తుక్కు పికప్‌కి నీళ్లట్యాంకు రేకు వెల్డింగ్ చేసి పెద్దులు గల్ఫ్ దేశపు హమ్రియాలో సొంతంగా కట్టిన కారుకి, లోపలి అద్దం మాత్రం ఊళ్లో ఇంటినుంచి వచ్చింది. దాని నిండా భార్య యాదవ్వ అంటించి మరిచిపోయిన ఎర్ర స్టిక్కర్ బొట్లే. రోజూ తువ్వాలతో వాటి చుట్టూ తుడుస్తాడు, ఒక్కటీ కదలనివ్వడు. తనిఖీకొచ్చిన పోలీసు అద్దంలోకి చూసి, "పీఛే ఇత్నీ లాల్ బత్తీ!" వెనకాల ఇన్ని ఎర్ర లైట్లా అంటూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. అద్దంలో వెనకాల రోడ్డంతా కనబడాలి, అదీ రూలు అన్నాడు. పెద్దులు బొట్లన్నీ గోటితో ఒలిచి, పెట్టే చోటు లేక తన నుదుటికే అంటించుకున్నాడు. ఆ ఏడు బొట్ల మొహం చూసి పోలీసు నవ్వాపుకుంటూ తనిఖీ కాగితం మీద ముద్ర కొట్టాడు. మలుపు తిరగ్గానే పెద్దులు బండి ఆపి, ఒక బొట్టు తీసి మళ్లీ అద్దానికి పెట్టాడు.

"ఎన్క ఎవ్వలు లేకుంటె బండెట్ల నడుపాలె?" అని దాన్నే అడిగాడు.