ఎవరూ పలక్కపోతే అక్క

పోయిన నెలలో ఒక పొద్దున్నే బావ ఫోన్ చేశారు. "ఒరే, మీ అక్క ఎలిపోనాదిరా. నిద్దర్లోనే," అన్నారు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు. శ్రీకాకుళంలో మేం పనిచేసే ఆస్పత్రుల ట్రస్టులో కంప్యూటర్ విభాగానికి పెద్ద. విభాగం అంటే పెద్ద బలగం అనుకోకండి, ఆవిడా నేనూ, అంతే. డాక్టర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ అక్కే కాబట్టి ఆవిడ భర్త మా అందరికీ బావ.

ముందే చెప్పేస్తున్నాను, ఆవిడ గురించి గొప్పలు చెప్పుకోబోతున్నాను. బతికుండగా మెచ్చుకుంటే "నీకేటి పన్లేదా?" అని కసిరేది. ఇప్పుడు కసిరే మనిషి లేదు, నన్నాపేవాళ్లూ లేరు.

మా ట్రస్టుకి పాతపట్నం, నరసన్నపేట, బొబ్బిలి లాంటి చోట్ల చిన్న ఆస్పత్రులున్నాయి. వరికోతల రోజుల్లో పాముకాటు కేసులు వస్తాయి. ఒకచోట మందు నిండుకుంటే పక్క ఆస్పత్రి నుంచి తెప్పించుకోవాలి. సిబ్బంది అంతా మాట్లాడుకోవడానికి ఫోన్లలో ఒక టీమ్ యాప్ ఉంది గానీ, అందులో ఎవరి కాంటాక్ట్ లిస్టు వాళ్లే చేత్తో చేసుకునేవారు. బదిలీ అయినవాళ్లు, మానేసినవాళ్లు, పెళ్లికని సెలవు పెట్టినవాళ్లు అందరూ అందులో కలగాపులగంగా ఉండేవారు. పేషెంటును ఒడిసిపట్టుకుని ఉన్న సిస్టర్ అందులో ఎవరినని వెతుక్కుంటుంది?

అందుకని అక్క ఒక ప్రోగ్రాం రాసింది. అది రోజూ పొద్దున్నే డ్యూటీ చార్టు చదువుతుంది. ఆ రోజు పనిలో ఉన్నవాళ్లతో ప్రతి ఆస్పత్రికీ యాప్‌లో ఒక లిస్టు దానంతటదే కడుతుంది. పనిలో లేనివాళ్లను తీసేస్తుంది. సిస్టర్ పక్క ఊరి లిస్టు నొక్కి మెసేజ్ పెడితే చాలు, అక్కడ ఉన్నవాళ్లందరి ఫోన్లూ మోగుతాయి.

రాస్తున్నంతసేపూ స్టీలు సీసాలో చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతూ కంప్యూటర్‌తో కబుర్లాడేది. "ఏటే, మళ్లీ మొరాయిస్తన్నావా? సూద్దాం నీ సంగతి," అనేది. నావైపు తిరిగి, "దీనికి ఊరూ తెలీదు, మనుసులూ తెలీదు. మనవే సెప్పుకోవాలి," అనేది. తీరా ఆవిడే ఒకటి చెప్పడం మరిచిపోయింది.

ప్రోగ్రాం మనుషులను పేరు పట్టి వెతికేది. ఇంకో చోటయితే అది పెద్ద తప్పు కాకపోయేది. మా జిల్లాల్లో రాయి విసిరితే అప్పలరాజుకో అప్పలనాయుడికో తగులుతుంది. అక్క సొంత తమ్ముడే అప్పలరాజు. నరసన్నపేటలో మందుల గది చూసేది ఒక అప్పలరాజయితే, బొబ్బిలిలో వేన్ నడిపేది ఇంకో అప్పలరాజు. ప్రోగ్రాం ముందు దొరికిన బొబ్బిలి అప్పలరాజునే రెండు లిస్టుల్లోనూ కూర్చోబెట్టి చేతులు దులుపుకుంది.

ప్రోగ్రాం మొదలైన వారంలోనే పాతపట్నానికి పాముకాటుతో ఒకావిడను తెచ్చారు. అక్కడ మందు చాల్లేదు. సిస్టర్ నరసన్నపేట లిస్టు నొక్కింది. మందుల గదివాడు చూసుకుంటాడులే అని అక్కడి మిగతావాళ్లు అనుకున్నారు. అతనికి రావాల్సిన మెసేజ్ ఎక్కడో బొబ్బిలిలో భోజనానికి కూర్చున్న వేన్ డ్రైవర్‌కి పోయింది. తనది కాదులెమ్మని అతను ఊరుకోలేదు. ఎంగిలి చేత్తోనే నరసన్నపేట ఆస్పత్రికి ఫోన్ కొట్టి అక్కడి అప్పలరాజును పిలిపించాడు. "ఒరే తమ్ముడూ, నీకు రావల్సింది నాకొచ్చీసినాది. మందట్టుకుని పాతపట్నం పరిగెట్టు," అన్నాడు. మందు అందింది. ఆవిడ బతికింది.

అక్క మర్నాడే బస్సెక్కి పాతపట్నం పోయింది, వెనకే నేనూ. ట్రస్టు పెద్దలు వద్దన్నా వినలేదు. మంచం పక్కన నిలబడి, పాము కరిచినావిడతో, ఆవిడ మొగుడితో, "మందు ఆలస్యం అవడానికి నాను రాసిందే కారణం. తప్పు నాది," అని చెప్పింది. ఆవిడ అక్కను ఎగాదిగా చూసింది. "నువ్వేటి సేస్తావమ్మా, పామేటైనా నిన్నడిగి కరిసిందా? కూకో," అని మంచం మీద చోటిచ్చింది. అక్క కూర్చుంది.

ఆ తర్వాత ప్రోగ్రాం మొత్తం తిరగరాసింది. ఇప్పుడు అది మనిషిని ఉద్యోగి నంబరు పట్టి గుర్తిస్తుంది, పేరు పక్కన ఊరూ పనీ చూపిస్తుంది. అంతటితో ఊరుకోలేదు. ప్రతి లిస్టుకీ అడుగున ఒక వరస చేర్చింది. 'ఎవరూ పలక్కపోతే అక్క.' అది నొక్కితే నేరుగా ఆవిడ ఫోన్ మోగేది. గుళ్లో ఉన్నా, పేరంటంలో ఉన్నా ఎత్తేది. బావ విసుక్కుంటే, "మోగితే ఎత్తాలి కదేటి," అనేది. అప్పట్నుంచి మందు కోసం అడిగిన ఏ సిస్టరుకీ జవాబు రాకుండా పోలేదు. ఈ మాట నేను ఎక్కడయినా గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను.

అక్క పోయాక ఆ వరస ఏం చెయ్యాలన్నది నా మీద పడింది. పాతపట్నం సిస్టర్ ఫోన్ చేసి ఏడ్చింది. "పెద్దకర్మ అయ్యీవరకైనా ఉంచు బాబూ. పోయిన మనిసి అందాకా ఇంట్లోనే తిరుగుతాదంటారు. తొందరేటి?" అంది. నాకూ మనసొప్పలేదు. కానీ ఎత్తే మనిషి లేని ఫోన్ మోగుతూ ఉంటే, అవతల మంచం మీద ఉన్న ప్రాణానికి ఎవరు పూచీ? పెద్దకర్మ దాకా పాములు ఆగవు. తీసేస్తున్నానని అన్ని ఆస్పత్రులకూ చెప్పాను.

సాయంత్రం బొబ్బిలి నుంచి అప్పలరాజు ఫోన్. "అక్కడ నన్నెట్టు బాబూ. పరాయోలి మెసేజీకి పలకడం నాకలవాటే కదా," అన్నాడు. నవ్వబోయి ఏడ్చేశాను. డ్యూటీ చార్టులో అక్క పేరు కొట్టేసి, ఆ అడుగు వరసలో అతన్ని పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ప్రోగ్రాం ఎప్పటిలాగే నడిచింది. ప్రతి లిస్టులోంచీ అక్క పేరు తీసేసింది, ఒక్కచోట కూడా మరిచిపోలేదు. తను రాసింది తననే ఇంత శుభ్రంగా తీసేస్తుందని ఆవిడకు తెలిసే ఉంటుంది. నాకు ఆవిడను చూసి అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. పనిచేస్తోందో లేదో చూద్దామని పాతపట్నం లిస్టు తెరిచి, అడుగు వరస నొక్కాను. అవతల వేన్ రోడ్డు పక్కకి తీసి ఆపిన చప్పుడు.

"పలుకుతన్నాను బాబూ, సెప్పు."